పిల్లలకి బ్లడ్ క్యాన్సర్ వస్తే: అనుమానం మొదలు ఆఖరి మాత్ర దాకా ఏం చేయాలి

మా పాపకి అయిదేళ్లప్పుడు మొదట వచ్చింది కాలి నొప్పి. రాత్రి నిద్రలోంచి లేచి మోకాలి కింద పట్టుకుని ఏడ్చేది. తెల్లారితే మామూలుగానే ఆడుకునేది. "ఎదిగే పిలకాయలకి అట్టాగే ఉంటాయిలే" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. సన్నజ్వరం కూడా తోడయ్యేసరికి కావలిలోనే ఒకచోట చూపించాం. కీళ్లవాతం కావచ్చని ఒక ఇంజెక్షన్ చేసి, పది రోజులకి మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకి నొప్పి పోయింది, జ్వరం పోయింది, పాప అడిగి మరీ అన్నం తింది. గండం గడిచిందనుకున్నాం. ఆ మాత్రలు స్టిరాయిడ్లనీ, అవి జబ్బుని తగ్గించలేదు, కొన్నాళ్లు దాచిపెట్టాయంతేననీ నెలన్నర తర్వాత చెన్నైలో తెలిసింది.

పాపకి ఇప్పుడు పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి చదువుతోంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఈ జబ్బు పేరు వినిపించినప్పుడు నాకు ఫోన్ వస్తూ ఉంటుంది. ప్రతిసారీ చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. అమ్మానాన్నల చేతిలో ఉండేది టైమ్. మొదట్లో వారాలు, జ్వరమొచ్చిన రాత్రి గంటలు, చివర్లో నెలలు పోకుండా కాపాడుకోవాల్సింది మనమే.

ముందు జబ్బేమిటో తెలుసుకోండి

మటన్ ఎముకలో జుర్రుకునే మూలుగ తెలుసు కదా. మన ఒంట్లో రక్తం పుట్టేది అలాంటి మూలుగలోనే. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ అక్కడే తయారవుతాయి. తెల్లకణాల్లో లింఫోసైట్ అనే రకం పూర్తిగా ఎదగకుండా పసికణంగానే ఆగిపోయి, ఆ పసికణాలే అదుపు లేకుండా పెరిగిపోతే అది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఆసుపత్రుల్లో ఏఎల్‌ఎల్ అంటారు. మడిలో తుంగ కమ్మేస్తే నారుకి చోటు లేనట్టే, మూలుగలో మంచి కణాలకి చోటుండదు. ఎర్రకణాలు తగ్గి పిల్ల పాలిపోతుంది. ప్లేట్‌లెట్లు తగ్గి ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తాయి. పనికొచ్చే తెల్లకణాలు తగ్గి జ్వరం పట్టుకుని వదలదు. మూలుగ కిక్కిరిసిపోయి ఎముకలు నొప్పెడతాయి.

పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో దాదాపు నాలుగింట ఒకటి ఇదే. రెండు నుంచి అయిదేళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది, కానీ టీనేజీలోనూ వస్తుంది. ఇది అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదానివల్ల వచ్చింది కాదు, దిష్టి వల్ల వచ్చింది కాదు, అత్తింటి వంశం నుంచీ పుట్టింటి వంశం నుంచీ దిగింది కాదు. కణంలో జన్యువులు మారిపోవడం వల్ల వస్తుంది. చాలామంది పిల్లల్లో అలా ఎందుకు మారాయో ఎవరూ చెప్పలేరు. తప్పెవరిదని వెతుక్కుంటూ పోట్లాడుకున్న జంటల్ని వార్డులో చూశాను. ఆ ఓపిక పిల్ల కోసం దాచుకోండి.

ఏ గుర్తులకి పరీక్ష చేయించాలి

వారం దాటినా తగ్గని జ్వరం, లేదా తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే జ్వరం. పెదవులు, కనురెప్పల లోపల, గోళ్లు తెల్లగా పాలిపోవడం. దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు, లేదా కాళ్లమీద ఆవగింజలంత ఎర్రచుక్కలు. పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం. రాత్రి నిద్ర లేపేంత ఎముకల నొప్పి, కుంటడం, నడిచే పిల్ల ఎత్తుకోమని మారాం చేయడం. మెడలో, చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని బిళ్లలు. కడుపు ఉబ్బి ఎడమవైపు గట్టిగా తగలడం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఆగకండి.

మన ప్రాంతంలో దీన్ని వేరేదనుకుని మోసపోవడానికి మూడు దారులున్నాయి. కనిగిరి, పొదిలి వైపు ఎముకలు నొప్పంటే చాలు, ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే అనేస్తారు. చిన్నపిల్లకి నొప్పితో పాటు జ్వరం, పాలిపోవడం కూడా ఉంటే నీళ్లమీదకి నెట్టేయకండి. రెండోది డెంగీ. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే బొప్పాయి ఆకు రసం దగ్గరికి పరిగెత్తుతాం. డెంగీలో ప్లేట్‌లెట్లు వారం, పది రోజుల్లో వాటంతటవే పెరుగుతాయి. పెరగకపోయినా, ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ కూడా బాగా తక్కువున్నా డెంగీ దగ్గరే ఆగిపోకూడదు. మూడోది మెడ వాపు. గవదబిళ్లలని పసుపు రాసి కూర్చుంటే రోజులు పోతాయి.

టీనేజీ మగపిల్లల్లో టీ-సెల్ రకం కొంచెం ఎక్కువ. ఛాతీ లోపల గడ్డ పెరిగి ఊపిరాడక పోవడం, ముఖం ఉబ్బడం, వెల్లకిలా పడుకోలేకపోవడం జరగొచ్చు. అది ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి.

స్టిరాయిడ్ పడకముందే రక్తపరీక్ష

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇదే. ఈ జబ్బుకి స్టిరాయిడ్ కూడా ఒక మందే. ముందే అరకొరగా ఇస్తే చెడ్డ కణాలు తాత్కాలికంగా తగ్గిపోయి పరీక్షలో దొరకవు, దొరికినా ఎంత తీవ్రమో లెక్క తప్పుతుంది. కాబట్టి కారణం తేలని జ్వరానికో నొప్పులకో ఎవరు ఏ ఇంజెక్షన్ తీసినా "ఇది స్టిరాయిడా?" అని అడగండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అన్నీ స్టిరాయిడ్లే. ఇప్పటికే వేసి ఉంటే ఆ చీటీ పారేయకండి. ఏ తేదీన ఎన్ని మాత్రలు వేశారో పెద్ద డాక్టరుకి మొదటిమాటగా చెప్పండి. మేం భయపడి రెండు రోజులు చెప్పలేదు. చెప్పాల్సింది.

మొదటి పరీక్ష చిన్నదే. సీబీసీ అనే రక్తపరీక్ష, దాంతోపాటు పెరిఫెరల్ స్మియర్. స్మియర్ అంటే రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద కళ్లతో చూడటం. మెషిన్ ఇచ్చిన కాగితం ఒక్కటే సరిపోదు, పాథాలజిస్ట్ డాక్టరు చూడాలని ల్యాబ్‌లో చెప్పండి. తెల్లకణాలు చాలా ఎక్కువే ఉండాలని లేదు. తక్కువగానూ ఉండొచ్చు, మామూలుగానూ ఉండొచ్చు. రిపోర్టులో "బ్లాస్ట్స్" అన్న మాట (పైన చెప్పిన పసికణాలే) కనిపిస్తే ఆ రోజే బయలుదేరండి.

ఎక్కడికి, ఏం పట్టుకుని

పిల్లల క్యాన్సర్ చూసే విభాగం, మూలుగ పరీక్షలన్నీ జరిగే ల్యాబ్, రాత్రిపూట కూడా ప్లేట్‌లెట్లు దొరికే బ్లడ్ బ్యాంక్, ఈ మూడూ ఉన్నచోటికి వెళ్లాలి. మనవైపు నుంచి చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి, వేలూరు సీఎంసీకి, తిరుపతి స్విమ్స్‌కి వెళ్తుంటారు. ఒంగోలు పైవాళ్లు హైదరాబాద్‌లో ఎంఎన్‌జేకి, బసవతారకానికి కూడా వెళ్తారు. పేరు కంటే రెండున్నరేళ్లు తిరగగలిగే దూరం చూసుకోండి.

ఆరోగ్యశ్రీ అని మనం ఇప్పటికీ పిలుచుకునే పథకం పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మీరు అనుకున్న ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో 104కి ఫోన్ చేసి ముందే కనుక్కోండి. రేషన్ కార్డు, పిల్ల ఆధార్, మీ ఆధార్, ఒక్కోటి అయిదారు జిరాక్సులు పెట్టుకోండి. చేరిన రోజే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి వెళ్లండి, డబ్బు కట్టాక కాదు. అక్కడ చాలకపోతే ఎమ్మెల్యే ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. దానికి ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. ఉండటానికి చోటు లేకపోతే చెన్నైలో, హైదరాబాద్‌లో సెయింట్ జూడ్ ఇండియా వాళ్ల ఇళ్లున్నాయి, ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని అడగండి. పొలం అమ్మే మాట ఇవన్నీ అడిగిన తర్వాతే.

మూలుగ పరీక్ష, వెన్ను ఇంజెక్షన్

నడుం వెనక ఎముక నుంచి సూదితో మూలుగ తీస్తారు. మత్తు ఇస్తారు. దాంట్లో జబ్బు బి-సెల్ రకమా టీ-సెల్ రకమా, జన్యువుల్లో ఏ మార్పు ఉంది అన్నవి చూస్తారు. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ లాంటి మాత్ర కలుపుతారు. అందుకే ఈ పరీక్షల ఖర్చు దగ్గర వెనకాడకండి, మందు ఏదో తేల్చేవి అవే.

వెన్ను ఇంజెక్షన్ అంటే మావాళ్లందరికీ ఒకటే టెన్షన్, కాళ్లు పడిపోతాయేమోనని. పడిపోవు. నరం ద్వారా ఎక్కించే మందులు మెదడు దాకా సరిగా చేరవు, జబ్బు అక్కడ దాక్కుంటుంది. అందుకే వెన్నులోంచి మందు వేస్తారు. వేశాక కాసేపు వెల్లకిలా పడుకోబెడితే చాలు.

తర్వాత రిస్క్ ఎంతో చెప్తారు. వయసు ఒకటి నుంచి పదేళ్ల లోపు, తెల్లకణాలు 50,000 లోపు ఉంటే మామూలు రిస్క్. పదేళ్లు దాటినా, కణాలు ఎక్కువున్నా మందులు గట్టిగా ఇస్తారు. "హై రిస్క్" అంటే ఆశ లేదని కాదు. మందు ఎక్కువ కావాలని.

రెండున్నరేళ్ల లెక్క

మొదటి నాలుగైదు వారాలు ఇండక్షన్. ఇది అయ్యేసరికి మంచి ఆసుపత్రుల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లల్లో మూలుగ శుభ్రపడుతుంది. ఇక్కడే చాలా కుటుంబాలు జారిపోతాయి. పిల్ల నవ్వుతోంది, రిపోర్టు బాగుంది, ఇంకెందుకు ఈ విషం అనిపిస్తుంది. జబ్బు బయటపడే నాటికి ఒంట్లో చెడ్డ కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయి. మైక్రోస్కోపుకి ఏమీ కనపడని రోజున కూడా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. అందుకే ఎంఆర్‌డీ అనే పరీక్ష చేస్తారు, పదివేల కణాల్లో ఒక్క చెడ్డ కణం ఉన్నా అది పట్టుకుంటుంది. ఆ మిగిలినవాటి కోసమే తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, ఆపైన ఏడాదిన్నర, రెండేళ్లు మెయింటెనెన్స్ మాత్రలు. ధనిక దేశాల్లో నూటికి తొంభై మంది దాకా పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర ఆ లెక్క తగ్గడానికి పెద్ద కారణాలు ఇన్ఫెక్షన్లు, మధ్యలో చికిత్స మానేయడం.

మందుల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి. విన్‌క్రిస్టిన్ మన గుమ్మం ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. ఇది తెలిసి ఎవరో ఆ ఆకు పసరు తాగించమంటారు, వద్దు. డోసు లేని విషం అది. విన్‌క్రిస్టిన్ పడితే మలబద్ధకం, దవడ నొప్పి, కాళ్లలో పట్టు తగ్గడం ఉంటాయి. మా పాప కాలి నుంచి చెప్పు జారిపోయేది, జారినట్టు దానికి తెలిసేదే కాదు. నడిచొచ్చాక వెనక్కి చూస్తే చెప్పు నాలుగడుగుల అవతల ఉండేది. డాక్టరుకి చెప్తే వ్యాయామం నేర్పారు, నెలల మీద సర్దుకుంది. మలబద్ధకానికి సిరప్ అడగండి, ఎనిమా మాత్రం ఇవ్వకండి. స్టిరాయిడ్ రోజుల్లో రాత్రి రెండింటికి లేచి ఉప్మా అడుగుతారు, ఊరికే కోప్పడతారు, ముఖం గుండ్రంగా అవుతుంది. అది మందు పని, పిల్ల మొండితనం కాదు. ఆ స్టిరాయిడ్ మీ అంతట మీరు ఆపకండి. ఎర్రటి మందు (డౌనోరుబిసిన్, డాక్సోరుబిసిన్) ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి. ఆస్పరజినేజ్ అనే ఇంజెక్షన్ పడిన తర్వాత దద్దుర్లు, ఊపిరాడకపోవడం, విపరీతమైన కడుపునొప్పి, వదలని తలనొప్పి వస్తే వెంటనే చెప్పండి.

జ్వరం వచ్చిన రాత్రి

డిజిటల్ థర్మామీటర్లు రెండు కొనండి, ఒకటి ప్రయాణపు సంచిలో ఉంచండి. చేత్తో తాకి చూడటం లెక్కలోకి రాదు. చంకలో పెట్టి చూడండి. 101 ఒక్కసారి చూపించినా, 100.4 గంటసేపు నిలిచినా ఆసుపత్రికి వెళ్లాలి, పొద్దున కాదు, అప్పుడే. ముందుగా పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకండి. మాత్ర జ్వరాన్ని అణచేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. జ్వరం లేకుండా వణుకు వచ్చినా, పిల్ల మగతగా పడిపోయినా అదే దారి.

ఎందుకింత కంగారంటే, కీమో పడిన వారం, పది రోజులకి కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోతాయి. లెక్క మీరే వేసుకోవచ్చు. తెల్లకణాల సంఖ్యని న్యూట్రోఫిల్స్ శాతంతో హెచ్చించి వందతో భాగించండి. కణాలు 1,800, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే 360. ఇది 500 కన్నా తక్కువుంటే ఒంట్లో కాపలా లేనట్టే. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పడాలి.

చెన్నై మూడు నాలుగు గంటల దూరం. అందుకే ముందే ఒక పని చేయండి. మీ డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి: పిల్ల ఏ చికిత్సలో ఉంది, జ్వరమొస్తే ఏ యాంటీబయాటిక్ ఎంత డోసు, ఎవరికి ఫోన్ చేయాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రిని పగలే వెళ్లి మాట్లాడి, ఉత్తరం కాపీ ఇచ్చి రండి. మాకు ఒక రాత్రి పదకొండింటికి 101.2 వచ్చింది. కావలి నుంచి కారులో నెల్లూరు చేరి ఆ కాగితం చూపించాం, ప్రశ్నలు లేకుండా సెలైన్ పెట్టి మందు మొదలుపెట్టారు. మర్నాడు చెన్నై వెళ్లాం. వాహనం దొరక్కపోతే 108. ఎక్కడికెళ్లినా కండరానికి ఇంజెక్షన్ వద్దని, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దని చెప్పండి.

ఇంట్లో

వేడివేడిగా వండింది అప్పుడే పెట్టండి. సద్దన్నం వద్దు. చేపల పులుసు మర్నాటికే రుచని మన నెల్లూరువాళ్లం అంటాం, ఈ పిల్లకి మాత్రం ఆ పూటదే. కాచి చల్లార్చిన నీళ్లు, తొక్క తీసి తినే పండ్లు. బండి మీద పానీపూరి, చెరుకురసం కౌంట్లు పెరిగేదాకా ఆగాలి. నాటుమందు, పసరు, ఏ పొడీ డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకండి, కాలేయం దెబ్బతింటుంది.

ఆటలమ్మ విషయం దాచకండి. పక్కింట్లో అమ్మవారు పోసిందని తెలిసి, మీ పిల్ల ఆ పిల్లతో ఆడి ఉంటే, ఒంటిమీద ఒక్క పొక్కు లేకపోయినా ఆ రోజే ఫోన్ చేయండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఇచ్చే మందుంటుంది. టీకాలన్నీ డాక్టరుని అడిగాకే, పల్స్ పోలియో రోజున తోబుట్టువులకి వేసే చుక్కలతో సహా.

రొట్టెల పండుగకి బారాషహీద్ దర్గాకి వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకోవాలని మీకు ఉంటే వెళ్లండి. నేనూ వెళ్లాను. పిల్లని ఆ జనంలోకి తీసుకెళ్లకండి, రొట్టె ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో ఇంకో పిల్లాడుంటే వాడి సంగతీ చూడండి. మా పెద్దవాడు ఏడాది పాటు వింజమూరులో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. "నాకు జ్వరమొస్తే కూడా వస్తావా?" అని ఫోన్లో అడిగాడు. అప్పటినుంచి ప్రతి నెలా ఒక ఆదివారం వాడిది.

మెయింటెనెన్స్, అందరూ తేలిగ్గా తీసుకునే దశ

జుట్టు వస్తుంది, బడికి వెళ్తారు, జబ్బు మాటే మర్చిపోతాం. రోజూ రాత్రి 6-ఎంపీ (మెర్‌కాప్టోప్యూరిన్) మాత్ర, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. ఈ రెండో మాత్ర పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. వారంలో ఒక్క రోజు ఎంచుకుని, క్యాలెండర్‌లో ప్రతి వారం ఆ రోజుకి ఎర్రసిరాతో గుండ్రం చుట్టండి. మాది గురువారం. ఈ మందుకి పునాది వేసిన బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టినాయన. ఆ మాత్ర విప్పుతున్నప్పుడల్లా ఆయన్ని తలుచుకునేదాన్ని.

6-ఎంపీ డోసుల్లో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరిగిందని అమెరికాలో జరిగిన అధ్యయనంలో తేలింది. అంటే నెలకి రెండు రోజులు మర్చిపోయినా లెక్క తప్పినట్టే. పెళ్లికి వెళ్లినా డబ్బా మీ చేతిసంచిలోనే ఉండాలి. మన దేశంలో కొందరు పిల్లలకి ఈ మందు మామూలు డోసులోనే కౌంట్లు బాగా పడగొడుతుంది, అందుకే చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పించకండి. సెప్ట్రాన్ మాత్రలు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చేవి, అవి కూడా అంతే ముఖ్యం.

పదమూడు దాటిన పిల్లలతో

దాచకండి. గూగుల్‌లో వాళ్లు ఎలాగూ చూస్తారు, మీ నోటి నుంచి ముందు వినాలి. పదిహేను, పదిహేడేళ్ల పిల్లలకి కూడా పిల్లల పద్ధతిలో ఇచ్చే చికిత్సే పెద్దల పద్ధతి కన్నా మంచి ఫలితం ఇస్తుంది, అది ఇస్తారా అని అడగండి. మగపిల్లాడైతే కీమోకి ముందే వీర్యం భద్రపరిచే సంగతి డాక్టరుతో మాట్లాడండి. వృషణంలో నొప్పి లేని వాపు కనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పాలని వాడికి చెప్పండి, జబ్బు అక్కడ తిరగబెట్టొచ్చు. ఆడపిల్లకి ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో నెలసరి ఎక్కువైతే దానికి మాత్రలుంటాయి. జుట్టు రాలకముందే పొట్టిగా కత్తిరించుకుంటానంటే వాళ్ల ఇష్టానికే వదిలేయండి. మాత్ర వేసుకున్నానని చెప్పి వేసుకోని పిల్లల్ని నేను చూశాను. తిట్టకండి, పక్కన కూర్చుని మింగేదాకా కబుర్లు చెప్పండి.

మందులు ఆపేశాక

మొదటి రెండు మూడేళ్లు చెకప్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆ తర్వాత దూరమవుతాయి. ఎర్రటి మందు గుండెమీద పనిచేస్తుంది కాబట్టి మధ్యమధ్యలో ఎకో (గుండె స్కాన్) చేయించాలి. ఎత్తు, ఎముకలు, చదువులో ఏకాగ్రత కూడా చూపించుకుంటూ ఉండాలి. ఆగిపోయిన టీకాలు మళ్లీ వేయించాలి, ఎప్పుడన్నది వాళ్లే చెప్తారు.

డిశ్చార్జ్ రోజున ఒక కాగితం అడిగి తీసుకోండి: జబ్బు పేరు, రకం, ఏ మందు మొత్తం ఎంత పడింది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది. లామినేషన్ చేయించి ఒక కాపీ ఫైల్లో పెట్టండి, ఇంకొకటి పిల్ల పెద్దయ్యాక దాని చేతికివ్వండి. రేపు ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లినా ముందు చూపించాల్సింది ఆ కాగితమే.